పట్టుకుని వదిలేసే పాము

మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో నేను చదువుకునే రోజుల్లో అద్దెకున్న ఇంట్లో ఫ్రీజర్‌కి మూడు అరలుండేవి. పై అర ఇంటి ఓనరు ఆంటీది. మధ్య అర నాదీ, నా రూమ్మేట్‌దీ. కింది అర పాముది. పాము అందులో ఉండేదని కాదు, దాని తిండి ఉండేది. ఇంకా వెంట్రుకలు కూడా సరిగా రాని ఎలుక పిల్లలు, జిప్ కవర్లో గడ్డకట్టుకుపోయి. ఇల్లు చూపించిన రోజున ఆంటీ వాషింగ్ మెషీన్ దగ్గర్నుంచి చెత్త డబ్బాల మూతల రంగుల దాకా అన్నీ విడమరిచి చెప్పింది గానీ, ఆ అర సంగతి మాత్రం ఎత్తలేదు. చేరిన వారంలోనే బఠానీల కోసం వెతుకుతూ నేనే తెరిచాను. నేను అరిచిన అరుపుకి నా రూమ్మేట్ తలకి షాంపూతోనే బయటికొచ్చింది.

ఆంటీది ఫిజీ. ఎప్పుడో తాతల కాలంలో మన కోస్తా నుంచి చెరకు తోటల పనికి ఓడెక్కిపోయిన కుటుంబం. అక్కడ గొడవలయ్యాక, పెళ్ళైన కొత్తలో మెల్‌బోర్న్ వచ్చేశారట. ఆవిడ తెలుగు వాళ్ళ ఆజీ దగ్గర, అంటే నాయనమ్మ దగ్గర, పొయ్యి పక్కన కూచుని నేర్చుకున్న తెలుగు. వంటలూ తిట్లూ దేవుడూ తెలుగులో వచ్చేవి. తక్కిందంతా హిందీ, ఇంగ్లీషు. అంకుల్ పోయాక ఒక గది మాకు అద్దెకిచ్చింది. ఒక్కతే కూతురు, నర్సింగ్ చదివింది. పాము ఆ కూతురిది.

కార్పెట్ పైథాన్ అనే కొండచిలువ పిల్ల. ఒంటి మీద తివాచీ మీద ఉన్నట్టు మచ్చలుంటాయి కాబట్టి ఆ పేరు. ఇక్కడ లైసెన్సు తీసుకుని కుక్కపిల్లల్లాగే వీటినీ పెంచుకుంటారు, అదేం వింత కాదు. నా చిటికెన వేలి కన్నా కాస్త లావుండేది. దాని గాజు పెట్టె కూతురి గదిలో కిటికీకి దూరంగా ఉండేది. నేనైతే మొదటి నెలంతా ఆ గది ముందు నుంచి కాస్త వేగంగా నడిచేదాన్ని.

కూతురు దాన్ని ఇంటికి తెచ్చిన రోజున పెద్ద యుద్ధమే జరిగిందట. ఆంటీకి పామంటే భయం కాదు. వాళ్ళ ఊళ్ళో పాములు కనిపించేవే కావు గానీ, పడగ ఆకారంలో ఉన్న ఒక రాయి ఉండేదట, దానికి పూజలు చేసేవాళ్ళు. ఆవిడ బాధ వేరు. దేవుణ్ణి తెచ్చి పెట్టెలో పెట్టి, లైటేసి, చచ్చిన ఎలుకలు పడేస్తారా అని. 'దాన్ని తిరిగిచ్చేయ్, లేకపోతే నేనే పారేస్తా' అందట కోపంలో. ఆ ఒక్క మాట కూతురు మర్చిపోలేదు. పాము ఉండిపోయింది. తల్లీ కూతురూ ఒకే ఇంట్లో ఉంటూ ఉప్పు ఎక్కడుంది, తాళం ఎక్కడుంది లాంటి మాటలు తప్ప ఏమీ మాట్లాడుకోవడం మానేశారు.

ఈ వ్యవహారంలోకి నేను ఎలా వచ్చానంటే, కూతురికి మిల్డూరాలో ఆసుపత్రి ఉద్యోగం వచ్చింది. కార్లో పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం దాటాక చేరే ఊరు. అక్కడ ఇల్లు దొరికేదాకా పాముని ఎవరో ఒకరు చూసుకోవాలి. నేను బయోటెక్నాలజీ చదువుతున్నాను కాబట్టి నాకు పాముల గురించి తెలిసుంటుందని ఆ అమ్మాయి ఎలా అనుకుందో దేవుడికే తెలియాలి. నేను చదివేది బ్రెడ్డు పొంగించే ఈస్ట్ గురించి. ఆ ముక్క చెప్పాను కూడా. 'యూ విల్ బి ఫైన్' అని నా చేతిలో పట్టకారు పెట్టింది.

చెప్పిన పని తేలికే. వారానికొకసారి, శనివారం, ఒక ఎలుక పిల్లని తీసి కరగనివ్వాలి. పాముకి పెట్టే ముందు వేడి నీళ్ళలో కాసేపు ఉంచి పట్టకారుతో అందించాలి. ఆఖర్న ఒక షరతు. ఎలుకని వంటింట్లో పెట్టకు, వెనక లాండ్రీ తొట్టిలో పెట్టుకో, మమ్‌ని మాత్రం ముట్టుకోనివ్వకు అంది. ఇన్నాళ్ళూ తను పొద్దున ఆసుపత్రి ట్రైనింగుకి పోతూ వంటింటి సింకు పక్కన గిన్నెలో పెట్టి పోయేదట. సాయంత్రం దాకా అమ్మ ఎక్కడ చెత్తబుట్టలో వేస్తుందో అని రోజంతా గుబులేనట.

మొదటి శనివారం పట్టకారుని చెయ్యి చాచినంత దూరంలో పట్టుకున్నాను. పాముకి మాత్రం ఏ జంకూ లేదు. పట్టకారు చివర ఎలుకని చూడగానే మెడ వంచి, నేను కన్నార్పే లోపల లాక్కుని, మూడు చుట్లు చుట్టేసింది. హమ్మయ్య, ఇంతేనా అనుకున్నాను. కాసేపు బిగించి పట్టుకుంది. తర్వాత చుట్లు వదులు చేసి, నాలుక ఆడిస్తూ ఎలుకని తల నుంచి తోక దాకా, మళ్ళీ తోక నుంచి తల దాకా తడిమింది. ఇంకోసారి తడిమింది. తర్వాత దాన్ని అక్కడే వదిలేసి వెళ్ళి నీళ్ళ గిన్నెలో చుట్టుకుని పడుకుంది. నేను ఆ గదిలోనే కింద కూచుని ఎదురు చూశాను. అది మళ్ళీ ఎలుక మొహం చూడలేదు.

తలుపు దగ్గర ఆంటీ నిలబడి ఉంది. "ఆయన తిన్నాడా?" అని అడిగింది. కూతురి ముందు 'ఆ పాము' అనేది. కూతురు వెళ్ళాక 'ఆయన' అయింది.

"లేదాంటీ. పట్టుకుని వదిలేసింది."

ఆవిడ పెట్టెలోని ఎలుక వంక చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆకలి లేక తినలేదంటే అర్థం చేసుకోవచ్చు. భయపడి ముట్టుకోలేదన్నా అర్థం చేసుకోవచ్చు. ఇది అదీ కాదు. ప్రతి శనివారం ఆబగా మీద పడేది, చుట్టేది, చంపేది. అప్పటికే చచ్చిన ఎలుకని మళ్ళీ చంపేది. అప్పుడు ఏదో పోగొట్టుకున్నట్టు అంతా తడిమి వదిలేసేది. నేను పెట్టె కింద వేడి పెంచాను. తగ్గించాను. పెట్టె మీద దుప్పటి కప్పాను. చిన్న అట్టపెట్టెలో ఎలుకనీ పామునీ కలిపి పెట్టాను. ఇంకా చిన్న ఎలుక కొన్నాను. పెంపుడు జంతువుల షాపతను నవ్వి, పిల్ల పాములు కొన్నాళ్ళు మారాం చేస్తాయి, ఆగండి, దానంతటదే తింటుంది అన్నాడు. ఇంటర్నెట్‌లో ఒకరు ఆగమన్నారు, ఇంకొకరు ఆగితే చస్తుందన్నారు. నా ఈస్ట్ నయం, చక్కెర వేస్తే పెరుగుతుంది, దానికి మనసంటూ ఉండదు.

నా రూమ్మేట్‌ది వరంగల్. నాకన్నా చిన్నది, నన్ను అక్కా అనేది. దానికి ఈ వ్యవహారం మొదటి నుంచీ గిట్టలేదు. ఫ్రీజర్లో తన చికెన్ మీద ఇంకో కవరూ, దాని మీద ఇంకో కవరూ చుట్టేది. "అక్కా, గా పాముకు ఏం రోగం లేదు. ఆంటీనే ఏదో చేస్తున్నది, నువ్వు చూడు" అంది ఒకరోజు అన్నం కలుపుకుంటూ.

"ఏం చేస్తుందే?"

"నాకేం ఎర్క? బిడ్డ పోయిన కొత్తల ఐతారం ఒక్కనాడు ఫోన్ చేస్తుండె. ఇప్పుడు? రోజు చేస్తున్నది. ఆంటీ మొఖం చూసినవా ఎట్లున్నదో?"

చూశాను. అదే నన్ను తికమక పెట్టింది. రెండు శనివారాలు వరసగా పాము తినకపోయేసరికి కూతురు రోజూ వీడియో కాల్ చేయడం మొదలుపెట్టింది. ఇంగ్లీషులోనే, మొదటి మాట 'తిన్నాడా', రెండో మాట 'చూపించు'. ఆంటీ ఆ వేళకి తల దువ్వుకుని, బొట్టు సరిచేసుకుని, ఫోన్ పట్టుకుని పెట్టె ముందు కూచునేది. పాము కోసమని కూచుని, నువ్వేం తిన్నావు, అక్కడ చలిగా ఉందా అని మెల్లగా అడిగేది. అటు నుంచి ముక్తసరిగా జవాబు వచ్చేది. ఆ జవాబులతోనే ఆవిడ సాయంత్రమంతా హుషారుగా పనులు చేసుకునేది. మరోపక్క పెట్టెలో పాము చిక్కిపోయి వెన్ను పైకి తేలుతోంది. ఒక మనిషి ఇలా సంతోషంగా ఉంటే నాకు కోపం వచ్చేది. ఆవిడ మీద జాలి కూడా వచ్చేది. రెండూ ఒకేసారి రావడం ఇంకా చిరాకుగా ఉండేది.

పైగా ఆవిడ రెండుసార్లు అడిగింది. "ఎలుకని వెనక ఎందుకు పెడతావు బేటీ? వంటింట్లో పెట్టు, నాకేమీ కాదు" అని. నాకు కూతురి షరతు గుర్తొచ్చి, అనుమానం ఇంకాస్త బలపడింది. పర్లేదాంటీ అని తప్పించుకున్నాను. లాండ్రీ తలుపు కూడా వేసుకోవడం మొదలుపెట్టాను. ఆవిడ నా వెనక రాలేదు. పాము పెట్టె తాళం చెవి నా దగ్గరే ఉండేది. ఆవిడ ఏమీ చేయడం లేదని నాకు రోజూ కనిపిస్తూనే ఉంది. అయినా నా అనుమానం తగ్గలేదు, ఎందుకో చెప్పలేను.

అలా వారాలు గడిచాక కూతురు ఫోన్లోనే ఏడ్చింది. నాకు ఇల్లు దొరికింది, వచ్చే శనివారం వచ్చి వాణ్ణి తీసుకెళ్ళిపోతాను, ఇంక ఆ ఇంట్లో ఉంచను అంది. 'ఆ ఇంట్లో' అన్న మాట ఆంటీకి వినపడింది.

మర్నాడు మధ్యాహ్నం నేను యూనివర్సిటీ నుంచి వచ్చేసరికి ఆవిడ వంటింటి బల్ల దగ్గర బెండకాయలు ముందేసుకుని కూచుంది. ఒక్కటీ తరగలేదు.

"ఆయన్ని తీసుకుపోతాది" అంది. "అప్పుడు నాకు ఎందుకు ఫోన్ చేస్తాది?"

నేను 'అదేంటాంటీ, అమ్మ కదా మీరు' అనబోయి ఆగిపోయాను. ఆ ఇంట్లో నాలుగు నెలలుగా ఉంటున్నాను. ఆ అమ్మాయి ఫోన్ చేసి పాము గురించి అడక్కుండా పెట్టేసిన రోజు ఒక్కటీ నాకు గుర్తు రాలేదు. నాకు చాలా బాధేసింది. అందుకే అబద్ధం చెప్పలేకపోయాను. చాకు తీసుకుని ఆవిడ పక్కన కూచుని బెండకాయలు తరిగాను.

శనివారం కూతురు వచ్చింది. తల్లిని పైపైన కౌగిలించుకుని నేరుగా గదిలోకి పోయింది. పాముని చేతిలోకి తీసుకుని, వేళ్ళతో వెన్ను తడిమి, పెదవి కొరుక్కుంది. బయల్దేరే ముందు ఇంకొక్కసారి తనే పెట్టి చూస్తానంది. ఎలుకని తనే తీసింది, తనే కరిగించింది, తనే వేడి చేసింది, అంతా నా లాండ్రీ తొట్టిలోనే. పాము మీద పడింది. చుట్టింది. వదులు చేసింది. తడిమింది. నేను గోడకానుకుని చూస్తున్నాను, నాకు ఆ అడుగులన్నీ కంఠతా వచ్చు. అది నీళ్ళ గిన్నె వైపు మళ్ళగానే ఆ అమ్మాయి మొహం వాడిపోయింది.

"మమ్, డిడ్ యూ డూ సంథింగ్ టు హిమ్?" అంది తలుపు వైపు తిరిగి. అరవలేదు. అరిచినా బాగుండేది.

ఆంటీ లోపలికొచ్చి, ఆ వదిలేసిన ఎలుకని కాగితం రుమాలుతో తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. పారేయడానికే అనుకుని మేమిద్దరం వెనకాలే వెళ్ళాం. ఆవిడ సింకు దగ్గర నిలబడి దాన్ని ఎడం చేతిలో పెట్టుకుంది. కుడి చేత్తో పోపుల డబ్బా మూత తీసి, ఇంత పసుపు, ఇంత ఉప్పు వేళ్ళతో తీసి, ఎలుక ఒంటికంతా రాసింది. కాళ్ళ కింద, మెడ దగ్గర, తోక మీద. పసిపిల్లకి నలుగు పెట్టినంత శ్రద్ధగా రాసింది. తర్వాత పంపు కింద కడిగి, ఇంకో రుమాలుతో అద్దింది.

"మమ్! వాట్ ఆర్ యూ డూయింగ్?"

"ఎప్పుడూ చేసేదే" అంది ఆవిడ, వెనక్కి తిరక్కుండా.

"ఎప్పుడూ అంటే?"

ఆ అమ్మాయి తెలుగు మాట్లాడగా నేను విన్నది అదే మొదలు. 

"నువ్వు పొద్దున ఇక్కడ పెట్టి పోతావు కదా. కడగకుండా ఎట్లా పెడతారు? మా ఆజీ చేప అయినా కోడి అయినా పసుపు రాయకుండా ముట్టనిచ్చేది కాదు. పైగా ఇది ఆయనకి." ఆవిడ ఇప్పుడు తిరిగింది. "నువ్వు పాముని ముట్టుకోవద్దు అన్నావు. ముట్టుకోలేదు. ఎలుకని కడిగినాను, అంతే."

నా రూమ్మేట్ అప్పటికే చప్పుడు విని వచ్చి ఫ్రిజ్ పక్కన నిలబడింది. దాని తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. నాకైతే తల తిరిగిపోయింది. చికెన్ తెస్తే నేను మొదట చేసే పనీ అదే, పసుపూ ఉప్పూ వేసి కడగడం. మా ఇంట్లో అందరూ చేసే పనే. ఎలుక విషయంలో నాకది తట్టనే లేదు. నా లెక్కలో అది మాంసం కాదు, ల్యాబ్ సామాను.

ఆంటీ పట్టకారు అడగలేదు. వేడి నీళ్ళలో మరోసారి ముంచి తీసి, పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూచుని, తోక పట్టుకుని చేత్తోనే అందించింది. కూతురు వద్దని చెయ్యి చాచి మళ్ళీ వెనక్కి తీసుకుంది. పాము మీద పడింది. చుట్టింది. వదులు చేసింది. నాలుక ఆడిస్తూ తల నుంచి తోక దాకా వెళ్ళి, తల దగ్గరికి తిరిగొచ్చింది. అక్కడ ఆగి, నోరు పెద్దదిగా తెరిచి, ఎలుక తలని లోపలికి తీసుకుంది. మెల్లగా, పక్కకీ పక్కకీ దవడలు జరుపుతూ, తోక దాకా మింగేసింది.  

కూతురు నేల మీద కూలబడి నవ్వింది. తర్వాత ఏడ్చింది. ఎందుకు చెప్పలేదు అని ఇంగ్లీషులో అడిగింది. చెప్తే ఆపేయమంటావు కదా అంది ఆంటీ. మరి వాడు తినకపోతే ఇన్ని వారాలూ ఎందుకు ఊరుకున్నావు అని కూతురు మళ్ళీ అడిగింది. ఆంటీ పెట్టె వంక చూస్తూ, "నాకేమి తెలుసు పసుపు వల్ల అని? అది కూరకి వేసేది" అంది. ఆ జవాబు నేను ఇప్పటికీ అటూ ఇటూ తిప్పి చూస్తూ ఉంటాను. నిజంగా తెలియదా? తెలియకపోతే ఆ రోజు ఆ ఎలుకని తీసుకుని సింకు దగ్గరికి ఎందుకు నడిచింది? వంటింట్లో పెట్టమని నన్ను రెండుసార్లు ఎందుకు అడిగింది? తెలిస్తే ఆ రెండుసార్లతోనే ఎందుకు ఆగిపోయింది? కూతురు రోజూ ఫోన్ చేస్తున్నందుకా, లేక తన చెయ్యి తగలకూడదన్న మాటకి కట్టుబడా? అడగడానికి నాకు ధైర్యం చాల్లేదు. ఆవిడకి కూడా జవాబు తెలుసో లేదో నాకు తెలియదు.

షాపతనికి చెప్తే పసుపుకీ దీనికీ సంబంధం లేదు, ఆకలి పుట్టే టైము వచ్చింది, తిన్నది అన్నాడు. అయ్యుండొచ్చు. అదే ఎలుకని అదే మధ్యాహ్నం మొదట వదిలేసి తర్వాత ఎందుకు తిన్నదంటే మాత్రం భుజాలెగరేశాడు.

కూతురు పాముని తీసుకునే వెళ్ళింది. ఎంత జరిగినా ఆ నిర్ణయం మారలేదు. గాజు పెట్టె కార్లో వెనక సీటుకి బెల్టు వేసి కట్టారు. ఆంటీ చిన్న డబ్బాలో పసుపు పోసి ఇచ్చింది. కారు మలుపు తిరిగాక కూడా ఆవిడ గేటు దగ్గరే నిలబడి ఉంది. ఆ గదిలో పెట్టె ఉన్న చోట కార్పెట్ మీద నలుచదరంగా గుర్తు మిగిలింది. నా రూమ్మేట్ మాత్రం కింది అరంతా వేడి నీళ్ళతో కడిగి, తన చికెన్ని దర్జాగా అందులోకి మార్చుకుంది. ఆ వారం ఫోన్ రాలేదు. ఆంటీ రోజూ ఆ వేళకి తల దువ్వుకునేది. నాకు ఆ వంటింట్లో నిలబడి టీ తాగడం కష్టంగా ఉండేది.

తర్వాతి శనివారం మధ్యాహ్నం ఫోన్ మోగింది. ఆంటీ చేతులు తుడుచుకోకుండానే ఎత్తింది. కూతురు మిల్డూరా వంటింట్లో ఉంది, ఎదురుగా పళ్ళెంలో ఎలుక. పట్టుకుని మళ్ళీ వదిలేశాడు, మమ్, నేను పసుపూ ఉప్పూ రాశాను, అయినా వదిలేశాడు. ఎంత రాస్తావు నువ్వు? అని అడిగింది.

"కొంచెం" అంది ఆంటీ.

"కొంచెం అంటే ఎంత? షో మీ."

ఆంటీ పోపుల డబ్బా తెచ్చి, ఫోన్ ముందు చిటికెడు తీసి, కనపడీ కనపడకుండానే వేళ్ళు మూసేసింది. "ఇంత."

"నాకు కనపళ్ళేదు. మళ్ళీ చూపించు."

"చేతికి తెలుస్తాది, నోటితో ఎట్లా చెప్పేది? రేపు మళ్ళీ చెయ్యి. చూద్దాం."

పక్కనే నేను టీ కప్పుతో నిలబడి ఉన్నాను. ల్యాబ్‌లో మిల్లీగ్రాముల్లో తూకం వేసే అలవాటున్నదాన్ని, ఈ గందరగోళం భరించలేకపోయాను. ఆ రోజు సింకు దగ్గర ఆవిడ ఎంత తీసిందో నేను కళ్ళారా చూశాను. "పావు చెంచా ఉంటుందాంటీ" అని ఫోన్ వైపు వంగాను.

ఆంటీ పసుపు చేత్తోనే ఫోన్‌ని కప్పేసింది. ఆవిడ నా వైపు అంత కోపంగా చూడటం అదే మొదటిసారి.

"నువ్వు చెప్పకు" అంది.